ఉప్పునీటి తొట్టెలో పగడాలు నాటిన అనుభవం

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంటి ముందుగదిలో 250 లీటర్ల ఉప్పునీటి తొట్టె పెట్టి, రాళ్లు, ఇసుక, నాలుగైదు నత్తలు తప్ప మరేమీ లేకుండా నాలుగు నెలలు నడిపిన తరువాతే పగడాలు తేవడానికి నాకు ధైర్యం వచ్చింది. జీవాలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు చేరి, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర, ఉష్ణోగ్రత 26 డిగ్రీల దగ్గర వారాల తరబడి నిలకడగా ఉన్నట్లు నా నోటుపుస్తకంలోని అంకెలు చూపేదాకా ఆగాను. ఈ ఊళ్లో ఉష్ణోగ్రతను నిలపడమే అన్నిటికంటే కష్టం. నడి వేసవి కత్తిరి ఎండల్లో గది వేడి 34 డిగ్రీలు దాటుతుంది కనుక నీటిని చల్లబరిచే చిల్లర్‌కూ, కరెంటు పోయినప్పుడు నీటిని కదిలించే పంపు ఆగకుండా ఇన్వర్టర్‌కూ ముందే ఖర్చు పెట్టాను. నీరు వేడెక్కితే పగడం తన కణాల్లో దాచుకుని ఆహారం పొందే సూక్ష్మ శైవలాన్ని (కంటికి కనిపించని నాచును) బయటికి వదిలేసి తెల్లగా పాలిపోతుంది. 2016లో మన్నారు సింధుశాఖలో జరిగింది అదే. అంత పెద్ద సముద్రంలోనే అలా జరిగినప్పుడు, ఈ చిన్న తొట్టెకు వేడిని తట్టుకునే బలం ఎక్కడిది?

ఏ పగడం తేవాలన్న ప్రశ్నను మొదట చట్టమే తేల్చింది. రాతి అస్థిపంజరం కట్టే గట్టి పగడాలను, విసనకర్రలా పెరిగే సీ ఫ్యాన్లను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఒక దుకాణంలో ఏ పత్రాలూ లేకుండా గట్టి పగడం ముక్కను నాకు చూపినప్పుడు, అది సముద్రంలోని ఏ పగడపు దిబ్బ నుంచి విరిగి వచ్చిందో అన్న బాధతో వెనుదిరిగాను. తొట్టెలోని రాళ్లు కూడా అందుకే దిబ్బల నుంచి తీసినవి కాదు, సెరామిక్‌వి. ఉంగరంలో పొదిగే పగడం ఇదేనా అని నెల్లూరు నుంచి వచ్చిన బంధువులందరూ అడుగుతారు. ఆ ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రంలో పెరిగేది. చివరికి అన్నానగర్‌లో ఏళ్లుగా తొట్టె నడుపుతున్న ఒక పెద్దాయన తన దగ్గర పెరిగిన మెత్తని జీవాల నుంచి మూడు అంట్లు ఇచ్చారు: గొడుగు ఆకారపు లెదర్ కోరల్ ఒకటి, పుట్టగొడుగు తలలా ఉండే మష్రూమ్ ఒకటి, చిన్న పువ్వుల్లాంటి ముఖాలు ఎనిమిది ఉన్న జోవాంథిడ్ గుత్తి ఒకటి.

తెచ్చిన రోజు ఏ పనీ తొందరగా చేయలేదు. సంచులను ఇరవై నిమిషాలు తొట్టె నీటిపై తేలనిచ్చి, తరువాత సన్నని గొట్టంతో ముప్పావుగంట పాటు మా నీటిని చుక్కలు చుక్కలుగా కలిపాను. సంచి నీటిని తొట్టెలో పోయకుండా పారబోసి, పగడాల కోసం అమ్మే అయోడిన్ ద్రావణంలో ఒక్కొక్క అంటును కొద్ది నిమిషాలు ముంచి, అంటు అతికి ఉన్న అడుగు బిళ్ల దాకా పురుగుల కోసం భూతద్దంతో వెతికాను. జోవాంథిడ్లను తినే చిన్న నూడిబ్రాంకులు (గుల్ల లేని సముద్రపు నత్తలు) ఆ మందుకు రాలిపోయినా వాటి గుడ్లు చావవు, చేత్తో గీకి తీయవలసిందే. ఈ పనిలో చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్ని జోవాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. తెగిన వేలికి తగిలినా, కంట్లో చిమ్మినా ప్రమాదమే. అవి అంటిన రాయిని వేడినీటిలో వేయడం మరీ ప్రమాదం, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. మా పాపకు ఆ రోజు గదిలోకి రావద్దని గట్టిగా చెప్పాను.

అతికించడంలో పెద్దాయన చెప్పిన చిట్కా బాగా పనికొచ్చింది. చిక్కటి సయనోఅక్రిలేట్ జిగురును (సూపర్ గ్లూను) బిళ్ల కింద పెట్టి నీటిలో ముంచితే దానిపై పొర కడుతుంది. రాతిపై నొక్కి కొద్దిగా తిప్పితే ఆ పొర చిట్లి లోపలి తడి జిగురు రాతిని పట్టుకుంటుంది. నేను మొదట తిప్పకుండా నొక్కి వదిలేయడం వల్ల జోవాంథిడ్ల బిళ్ల రెండుసార్లు ఊడి ఇసుకలో పడింది. మష్రూమ్‌కు బిళ్ల లేదు. దాని ఒంటికి ఊరే జిగట వల్ల ఏ జిగురూ నిలవదు కనుక, చిన్న గిన్నెలో రాతి ముక్కలు పరిచి, దానిని వాటి మధ్య ఉంచి, పైన వల కట్టి, ప్రవాహం తక్కువగా ఉన్న మూలలో వదిలాను. పన్నెండో రోజుకు అదే ఒక ముక్కను పట్టుకుంది, ఆ ముక్కను అతికించడం తేలికైంది. మూడింటినీ మొదట తొట్టె అడుగు భాగంలోనే ఉంచి, దీపాల వెలుగును సగానికి తగ్గించి, మూడు వారాల్లో మెల్లగా పెంచాను.

నన్ను నిజంగా భయపెట్టింది లెదర్ కోరల్. వారం తిరగకుండానే అది ముడుచుకుపోయి, ఒళ్లంతా మైనం పూసినట్లు మెరిసింది. వెలుగు చాలలేదని పైకి జరిపాను, ఎక్కువైందని కిందికి దించాను, మరునాడు మరో మూలకు మార్చాను. ప్రతి మార్పుకూ అది ఇంకొంచెం కుంగింది. ఆ ఆదివారం ఫోనులో నాన్నగారికి ఈ సంగతి చెప్పాను. నలభై ఏళ్లు వరి పండించిన మనిషి ఆయన. అంతా విని, నాటిన నారు కుదురుకోకముందే పీకి చూస్తుంటే వేరు ఎక్కడ పట్టుకుంటుందిరా అన్నారు. ఆ మైనపు పొర రోగం కాదని, లెదర్ కోరల్ అప్పుడప్పుడు పైపొరను, దానిపై చేరిన నాచును విడిచేస్తుందని, దానికి కావలసింది ఆ పొరను కడిగేసే ప్రవాహమని పెద్దాయన కూడా అదే సాయంత్రం వివరించారు. పంపు ముఖాన్ని కొద్దిగా దానివైపు తిప్పి, ఇక చేయి పెట్టలేదు. ఐదో రోజు పొర కాగితంలా లేచిపోయింది. తొమ్మిదో రోజు ఉదయం గొడుగు నిండా పాలిప్‌లు, అంటే పువ్వుల్లాంటి దాని చిన్న ముఖాలు, విచ్చుకుని ఉన్నాయి. మా ఆవిడను, పాపను నిద్రలేపి మరీ చూపించాను.

లెదర్ కోరల్ నీటిలోకి వదిలే రసాయనాలు పొరుగు జీవాలకు పడవు కనుక వాటిని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్‌ను (శుద్ధిచేసే బొగ్గును) నెలనెలా మారుస్తున్నాను. జోవాంథిడ్ల ముఖాలు ఎనిమిది నుంచి ముప్పై దాటాయి. గొడుగు ఇప్పుడు నా అరచేతికంటే వెడల్పయి వాటిపై నీడ వేస్తుండడంతో, మొన్న ఆ జోవాంథిడ్ల రాయిని ఒక జానెడు ఎడంగా జరిపాను. ఈ ఏడాది మొత్తంలో నేను కదిపిన రాయి అదొక్కటే.