సంక్రాంతికీ కదిరి తేరుకూ మధ్య పది రోజులు

దీపావళికి ఇల్లు దులిపినప్పుడు అటక మీదినుంచి దించిన పొడవాటి నల్ల సంచిని ఈసారి మళ్ళీ పైకి ఎక్కించలేదు. హాలులో పుస్తకాల బీరువాకు ఆనించి నిలబెట్టాను. అందులో నా స్కీలు, అంటే మంచు మీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడవాటి పలకలు, ఉన్నాయి. మంచుకొండల నుంచి తిరిగి రాగానే వాటి అడుగుభాగానికీ ఉక్కు అంచులకూ మందంగా మైనం పట్టించి కట్టిపెడతాను; లేకపోతే బెంగళూరు వానాకాలపు తేమకు ఆ అంచులు తుప్పు పట్టిపోతాయి.

ఆ పనంతా మా బాల్కనీలోనే జరుగుతుంది. బట్టలకు పనికిరాదని పక్కన పెట్టిన పాత ఇస్త్రీ పెట్టెను వేడి చేసి, దాని మొనకు మైనపు కడ్డీని తాకిస్తే, స్కీ పొడవునా చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఆ చుక్కల మీదుగా పెట్టెను ఎక్కడా ఆపకుండా నడిపించాలి. ఒకేచోట కాస్త ఎక్కువసేపు నిలిచినా అడుగున ఉన్న ప్లాస్టిక్ పాడైపోతుంది. ప్రయాణానికి ముందు గట్టిపడిన ఆ పొరను ప్లాస్టిక్ పలకతో గీకితే కొబ్బరి కోరులాగా తెల్లని తురుము నేల మీద పడుతుంది. అంతా గీకేస్తే ఇక జారడానికి ఏం మిగులుతుందని మా అమ్మాయి ఒకసారి అడిగింది. పైకి కనిపించేది పోయినా, వేడికి లోపలి సన్నని రంధ్రాలలోకి ఇంకినది మిగులుతుందనీ, మంచు మీద జారేది దాని బలంతోనేననీ చెప్పాను.

నేను స్కీయింగ్ నేర్చుకున్నది 2012 ఫిబ్రవరిలో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో. అప్పటికి పిల్లలు లేరు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ వారు అక్కడ 7 రోజుల, 14 రోజుల శిక్షణ ఇస్తారు. నేను పెద్దదానికే వెళ్ళాను. అంతకు ముందు ఏడాదే, 2011 జనవరిలో, దక్షిణాసియా శీతాకాలపు క్రీడలు డెహ్రాడూన్‌లోనూ ఔలీలోనూ జరిగాయి. ఆ వాలు మీద మొదటి వారమంతా పడుతూ లేస్తూ నేర్చుకున్న ఒక్క సంగతి ఇప్పటికీ నా శరీరంలో ఉంది: భయం వేసినప్పుడు మనిషి సహజంగా కొండవైపు, అంటే వెనక్కి వాలతాడు; వెనక్కి వాలిన క్షణం నుంచి స్కీ మన మాట వినదు. మోకాళ్ళు వంచి, కాలి ముందు ఎముకను బూటుకు గట్టిగా నొక్కి, ఏ లోయను చూసి భయపడుతున్నామో ఆ లోయవైపే ఒరగాలి. ఇది అర్థం కావడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

ఆ తరువాత ఈ పదమూడేళ్ళలో మంచు మీద నిలబడగలిగింది మరో ఆరు సార్లు. ప్రతి ఏడాదీ వెళ్ళేవారితో పోలిస్తే ఇది చాలా తక్కువ. కానీ ఇద్దరు పిల్లలూ, అత్తయ్యగారూ, ఇద్దరి ఉద్యోగాలూ ఉన్న ఇంట్లో ఈ ఆరు ప్రయాణాలు ఎలా కుదిరాయో నాకు తెలుసు కనుక, నాకు అవి తక్కువగా అనిపించవు.

మన హిమాలయాలలో స్కీ సీజన్ డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా ఉంటుంది. కాగితం మీద మూడు నెలలు. మా ఇంటి క్యాలెండరులో పెట్టి చూస్తే అందులో మిగిలేవి పది రోజులు. సంక్రాంతికి నేను ఇంట్లో ఉండాలి. బొమ్మల కొలువు, పేరంటం, ఇరుగుపొరుగు కన్నడ ఇళ్ళకు ఎళ్ళు బెల్లం (నువ్వులూ బెల్లమూ) ఇచ్చిపుచ్చుకోవడం మా అమ్మాయి ఏడాదంతా ఎదురుచూసే పండగ. ఆఫీసులో మూడో త్రైమాసికపు లెక్కలు అప్పటికి ఒక కొలిక్కి వస్తాయి. ఫిబ్రవరి మొదలైతే పిల్లల పరీక్షల హడావిడి. ఆ తరువాత ఫాల్గుణంలో కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు. అత్తయ్యగారి పుట్టినూరు కదిరి. స్వామి తేరు కదిలే రోజున ఆవిడ అక్కడ లేని సంవత్సరం నేను చూడలేదు. కనుక సంక్రాంతి దాటిన తరువాతి పది రోజులే నా సీజన్.

మంచుకు మాత్రం మా క్యాలెండరుతో నిమిత్తం లేదు. మధ్యధరా సముద్రం వైపు నుంచి బయలుదేరి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు అనే వాతావరణ అలజడులు హిమాలయాలను తాకినప్పుడే అక్కడ శీతాకాలపు మంచు కురుస్తుంది. నవంబరులో బెంగళూరు జనమంతా బంగాళాఖాతంలో ఏ వాయుగుండం పుట్టిందోనని చూస్తుంటే, నేను దేశపటం రెండో కొసన మబ్బులను వెతుకుతుంటాను. 2024 జనవరిలో ఆ మబ్బులు రాలేదు. నెల చివరివరకూ కశ్మీర్‌లోని గుల్మర్గ్‌లోనూ ఔలీలోనూ నేల కనిపిస్తూనే ఉంది. సంక్రాంతి కాగానే నేను గుల్మర్గ్ చేరేసరికి, నడుము లోతు మంచు ఉండవలసిన మైదానంలో గోధుమరంగు గడ్డి ఎండలో మెరుస్తోంది. నాలుగు రోజులు ఆకాశం చూసి తిరిగివచ్చాను. నేను ఇల్లు చేరిన కొద్ది రోజులకే అక్కడ మంచు కురిసింది. ఆ వార్త చూసి వంటగదిలో నిలబడి ఏడ్చాను. పోయినది డబ్బు మాత్రమే అయితే అంత బాధ ఉండేది కాదు. ఆ రోజులు నావి కావు. మావారు పొద్దున్నే లేచి రెండు డబ్బాలు కట్టి, అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పితోనే బాబును స్కూలు బస్సు దాకా దింపి, నాకోసం మిగిల్చి ఇచ్చినవి.

"పిల్లల్ని వదిలేసి మంచులో జారుడుబండ ఆడుకోవడానికి అంత దూరం వెళ్ళాలా?" అని బంధువులు అడిగినప్పుడు ఒకప్పుడు నాకు జవాబు దొరికేది కాదు. 2018లో ఒక సంగతి జరిగింది. నేను గుల్మర్గ్‌లో ఉండగా మా పాపకు, అప్పటికి నాలుగేళ్ళది, మూడు రోజులు విడవకుండా జ్వరం వచ్చింది. ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. నేను రోజూ సాయంత్రం ఫోను చేస్తే, పడుకుంది, ఆడుకుంటోంది అనే చెప్పారు. నా సంతోషం చెడగొట్టకూడదన్న ప్రేమతోనే దాచారని నాకు తెలుసు. అయినా ఇంటికి వచ్చి, వాడిపోయిన ఆ ముఖం చూసినప్పుడు, నన్ను ఎవరో ఇంట్లోంచి మూడు రోజులు బయటికి నెట్టేసినట్టు అనిపించింది. ఆ రాత్రి మావారూ నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను ఎక్కడున్నా ఏదీ దాచకుండా ఆ రోజుది ఆ రోజే చెప్పాలి. వినగానే వెనక్కి రావాలో వద్దో నిర్ణయించుకోవలసింది నేను. ఆ నియమం మాకు ఆ రాత్రి ఏర్పడింది. అదే సందర్భంలో నేనూ ఒక మాట ఇచ్చాను: గస్తీ సిబ్బంది తిరిగే హద్దులు దాటి, హిమపాతాల ప్రమాదం ఉన్న వాలులలోకి వెళ్ళను. గుల్మర్గ్‌లోని ఆఫర్వత్ పర్వతం మీద ఆ హద్దుకు అవతల చేయి పడని పొడిమంచు పిలుస్తూ ఉంటుంది. ఆ పిలుపు ఎంత బలమైనదో తెలిసే ఆ మాట ఇచ్చాను, ఇప్పటివరకూ తప్పలేదు.

ఈ ఏడాది గుల్మర్గ్ కాదు, ఔలీకి వెళుతున్నాం. ఒక్కదాన్నే కాదు, అందరం.

ఇందులో నేను వదులుకుంటున్నది చిన్నదేమీ కాదు. గుల్మర్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. 1998లో మొదటి దశ, 2005లో రెండో దశ పూర్తయిన గొండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, అక్కడి నుంచి మనిషిని దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. ఆ పైన దిగి, స్కీలు బిగించుకొని, చుట్టూ ఒక్క చప్పుడు కూడా లేని ఆ తెల్లదనంలో మొదటి మలుపు తిప్పే క్షణం కోసం నేను పదకొండు నెలలు ఆగగలను. ఔలీ వాలులు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్యనే ఉంటాయి. నిడివి తక్కువ, మంచు అంత లోతు కాదు. స్కీ చేసేవారి కొండగా గుల్మర్గే గొప్పది. కానీ 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన దారుణం తరువాత ఇంట్లో కశ్మీర్ మాట ఎత్తితే అత్తయ్యగారి ముఖం మారిపోతోంది. ఆ భయంతో వాదించాలని నాకు అనిపించలేదు.

ఔలీ పేరు ఎత్తినప్పుడు కూడా ఆవిడ మొదట ఒప్పుకోలేదు. "మంచు జూసేదానికి నేనెందుకు మా? మీరు పోయి రాండి," అన్నారు. ఔలీకి కింద ఉన్న ఊరు జోషీమఠ్ అనీ, చలికాలంలో బదరీనాథ్ గుడి మూసినప్పుడు ఆదిశంకరుల గద్దెను తెచ్చి ఉంచేది అక్కడి నరసింహస్వామి ఆలయంలోనేననీ చెప్పాను. ఆవిడ చేతిలోని చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టారు. "ఆడ గూడా మన సామే ఉండాడా?" అన్నారు. ఆ సాయంత్రమే కదిరికి ఫోను చేసి తమ్ముడితో చెప్పారు. హృషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా దాదాపు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. దారిలోనే దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వస్తాయి, జోషీమఠ్ దాటగానే విష్ణుప్రయాగ. ఒకే దారిలో ఐదు సంగమాలు. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని అంత దూరం ఒక్క రోజులో కూర్చోబెట్టలేం కాబట్టి దారిలో ఒక రాత్రి ఆగుతున్నాం. ఆవిడను ఎప్పుడూ చూసే డాక్టరుగారిని అడిగి, చలికి తగిన జాగ్రత్తలు రాయించుకున్నాం.

2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి వందల ఇళ్ళు బీటలు వారాయి. అప్పుడే ఔలీకి వెళ్ళే రోప్‌వేను ఆపేశారు. 2012లో ఆ తీగల మీద వేలాడుతూ వెళ్ళినప్పుడు కింద కనిపించిన ఇళ్ళ కప్పులు నాకు గుర్తున్నాయి. వాటిలో ఎన్ని నిలిచి ఉన్నాయో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఈసారి రోడ్డు మీదుగానే పైకి వెళతాం. మావారూ, అత్తయ్యగారూ, ఆరేళ్ళ బాబూ జోషీమఠ్‌లో ఉంటారు; పాపా నేనూ ఔలీలో. రోడ్డు తెరిచి ఉన్న రోజుల్లో వాళ్ళు పైకి వచ్చి, బాబు మంచుబొమ్మ చేసుకొని, నందాదేవి శిఖరాన్ని చూసి దిగిపోతారు. మంచు ఎక్కువై రోడ్డు మూసుకుపోతే ఒకటి రెండు రోజులు ఎవరి చోట వాళ్ళం ఉండిపోవడానికి కూడా సిద్ధపడ్డాం.

పాపకు ఇప్పుడు పన్నెండేళ్ళు. దానికి నేను నేర్పకూడదని నిశ్చయించుకున్నాను. తల్లి గొంతులో ఆత్రం ఉంటుంది, ఆత్రం వింటే పిల్లలు బిగుసుకుపోతారు. శిక్షకుల దగ్గర 7 రోజుల తరగతిలో చేర్పిస్తున్నాను. మంచు ఎరగని ఊరివాళ్ళకు ఇది వస్తుందా అని దానికి ఒక సందేహం ఉండేది. మన పక్కనున్న కొడగు నుంచి వెళ్ళి, క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో పతకాలు గెలిచి, దేశం తరపున అంతర్జాతీయ పోటీలకు వెళ్ళిన భవానీ తెక్కడ సంగతి చెప్పాక ఆ సందేహం పోయింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం అపార్ట్‌మెంటు బాస్కెట్‌బాల్ కోర్టులో ఇన్‌లైన్ స్కేట్లు వేసుకొని మలుపులు సాధన చేస్తోంది. బయటి కాలి మీద బరువు వేస్తే మలుపు దానంతట అదే తిరుగుతుందని తనకు తానే కనిపెట్టి నాకు చెప్పింది. నేను అప్పుడే విన్నట్టు విన్నాను.

మా ఇద్దరికీ రాత్రి భోజనానికి ముందు మరో సాధన ఉంది: గోడకుర్చీ. మా చిన్నప్పుడు బడిలో శిక్షగా వేయించినదే. వీపు గోడకు ఆనించి, తొడలు నేలకు సమాంతరంగా, లేని కుర్చీలో కూర్చోవడం. వాలు దిగేటప్పుడు మంట పుట్టే కండరాలకు ఇంతకంటే మంచి కసరత్తు నాకు దొరకలేదు. మొదటి రోజు నిమిషం నిలవలేని పాప ఇప్పుడు రెండు నిమిషాలు దాటుతోంది. అత్తయ్యగారు జపమాల పట్టుకొని ఎదురుగా కూర్చుంటారు. గడియారం చూసేది బాబు.

రైలూ విమానమూ టిక్కెట్లు అయిపోయాయి. రుద్రప్రయాగలో రాత్రి బసకు గది ఇంకా ఖాయం కాలేదు. అత్తయ్యగారికి మెట్లు ఎక్కే అవసరం లేకుండా కింది అంతస్తులోనే కావాలని అడిగాను, రేపు చెబుతామన్నారు. కనుమ మరునాడు బాల్కనీలో స్కీల మైనం గీకాలి. ఎడమది తను గీకుతానని పాప ఇప్పటినుంచే చెప్పిపెట్టింది.