పాత ఎంజీబీ కారులో కరెంటు ఎక్కడ పోతోందో పట్టుకున్న తీరు

కారు 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (ఎంజీ కంపెనీ చేసిన, పైకప్పు తెరుచుకునే స్పోర్ట్స్ కారు), ఉండేది ఇంగ్లండులో. ఇండికేటర్ వేస్తే బద్ధకంగా కొట్టుకునేది, అదే సమయంలో బ్రేకు తొక్కితే ఆగిపోయేది. వైపర్లు ఈడ్చుకుంటూ తిరిగేవి. పెట్రోలు మీటరు ముల్లు మాత్రం ఉండాల్సిన చోటే నిలకడగా ఉండేది. ఆ మీటరు 10 వోల్టుల స్టెబిలైజర్ (వోల్టేజీని ఒకే చోట నిలిపే పరికరం) మీద నడుస్తుంది, కాబట్టి సరఫరా అంతకు పైన ఉన్నంతసేపు తేడా బయటపడదు. అంటే వోల్టేజీ తగ్గుతోంది గానీ 10 కంటే కిందికి పోవడం లేదని అక్కడే ఒక ఆధారం దొరికింది.

ఇలాంటప్పుడు చాలామంది ముందు ఇండికేటర్‌ను కొట్టించే ఫ్లాషర్ యూనిట్ కొంటారు, తర్వాత వైపర్ మోటారు. నేను ఒక్క భాగం కూడా మార్చలేదు. ఈ కార్ల ఎలక్ట్రికల్ భాగాలు చేసిన లూకస్ కంపెనీ సామానును తిట్టిపోయడం పాత అలవాటే గానీ, ఆ మోటార్లూ స్విచ్చులూ గట్టివి. 50 ఏళ్ల తేమకు చిలుము పట్టేవి వాటిని కలిపే అతుకులే.

వోల్టులు కొలిచే మల్టీమీటరు పట్టే ముందు వైర్ల రంగులు నోటికి రావాలి. గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, దానికి ఫ్యూజు లేదు. తెలుపు తాళం తిప్పితే వస్తుంది, దానికీ ఫ్యూజు లేదు. ఆ తెలుపే ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది. గోధుమరంగు ఫ్యూజు దాటితే ఊదా. నలుపు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. వైపర్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, హీటర్ ఫ్యాను అన్నీ ఆకుపచ్చ మీదే ఉన్నాయి. నా కారులో నీరసించినవీ అవే. కాబట్టి జబ్బు ఒక్కో పరికరంలో కాదు, అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది.

ఎక్కువమంది పొరబడేది కొలతలోనే. లోడు లేకుండా, అంటే ఏ పరికరమూ నడవనప్పుడు కొలిస్తే ఒకే ఒక్క రాగి పోగు మిగిలిన వైరు కూడా 12 వోల్టులు చూపిస్తుంది. అందుకే వైపర్లు, హీటర్ ఫ్యాను ఆన్ చేసి, సీటుకూ బ్రేకు పెడల్‌కూ మధ్య ఒక కర్ర బిగించి కొలిచాను. ఇండికేటర్ వేయలేదు, అది కొట్టుకుంటుంటే అంకె నిలవదు. ఇంజిన్ ఆపి తాళం తిప్పి ఉంచితే ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి పాడవుతుంది, కాబట్టి ముందే దాని తెల్ల వైరు ఊడదీసి, కొస ఎక్కడా తగలకుండా టేపు చుట్టాలి.

ఈ కారులో బ్యాటరీలు సీట్ల వెనక ఉంటాయి, 6 వోల్టులవి రెండు. అందుకని పొడవాటి వైరుతో మల్టీమీటరు ఎర్ర ముల్లును బ్యాటరీ పాజిటివ్‌కు కలిపి, నల్ల ముల్లును ఫ్యూజు బాక్సులో ఒక్కో చోట ఆనించాను. ఇలా కొలిస్తే దారిలో ఎంత పోయిందో నేరుగా తెలుస్తుంది. గోధుమరంగు దగ్గర 0.15 వోల్టులు. తెలుపు దగ్గర 0.55. ఫ్యూజు దాటాక ఆకుపచ్చ దగ్గర 1.9. ఒక్క ఫ్యూజు దగ్గరే 1.35 వోల్టులు పోతున్నాయి! సుమారు 8 యాంపియర్లు పారుతున్నప్పుడు అది దాదాపు 11 వాట్ల వేడి. క్లిప్పు మీద వేలు పెడితే చురుక్కుమంది.

బ్యాటరీ నెగెటివ్ విప్పాకే ఫ్యూజు బాక్సు ఊడదీయాలి. క్లిప్పుల్ని సన్నటి ఎమరీ పేపరుతో రుద్దితే సగమే తేడా వచ్చింది. మిగతా సగం బాక్సు వెనక ఉంది. పైన ఫ్యూజు పట్టుకునే క్లిప్పునూ, కింద వైరు తగిలించే రేకునూ కలిపేది ఒక రివెట్టు. దాని చుట్టూ పచ్చటి చిలుము. శుభ్రం చేసి, రివెట్టు మీద కొంచెం సోల్డర్ పారించాను. ప్లాస్టిక్ కరగకముందే సోల్డరింగ్ ఐరన్ వెనక్కి తీయాలి, ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు చాలు. మళ్లీ కొలిస్తే ఫ్యూజు దగ్గర 0.08. తెలుపు వైపు బులెట్ అతుకులు (వైరు కొసకు ఉన్న లోహపు మొనను గొట్టంలోకి దూర్చేవి) కూడా రుద్దాక అక్కడి 0.55 కాస్తా 0.3కి దిగింది.

ఫ్యూజు గురించి ఒక మాట. పాత లూకస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగిపోయే అంకె, నిరంతరం మోసేది 17 యాంపియర్లే. ఇప్పటి గాజు ఫ్యూజుల మీద ఉండేది సాధారణంగా మోసే అంకె. 35 చూసి 35 కొనిపెడితే ఫ్యూజు కంటే ముందు వైరు కాలుతుంది.

రెండో జబ్బు వెనక ఎడమ దీపంలో. బ్రేకు తొక్కితే పక్కనున్న ఇండికేటర్ బల్బు మసకగా వెలిగేది. ఇది ఎర్త్ పోయిన గుర్తు: తిరిగి వెళ్లే దారి దొరక్క కరెంటు పక్క ఫిలమెంటు గుండా వెళ్తోంది. బ్రేకు తొక్కి, బ్యాటరీ నెగెటివ్‌కూ బల్బు హోల్డర్ లోహానికీ మధ్య కొలిస్తే వోల్టులు చాలా ఎక్కువగా వచ్చాయి. అక్కడ 0.1 వోల్టు దాటకూడదు. డిక్కీలో నల్ల వైరు అతుకు విప్పితే రబ్బరు తొడుగు లోపలి గొట్టం పొడిపొడిగా రాలింది. వైరు కొస నల్లబడి ఉంది, నల్లబడ్డ రాగికి సోల్డర్ అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా 3 సెంటీమీటర్లు కోసి, 4.7 మిల్లీమీటర్ల కొత్త బులెట్టు, కొత్త తొడుగు వేశాను.

మన అంబాసిడర్‌కు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని 1489 సీసీ ఇంజినూ, ఎంజీబీ 1798 సీసీ ఇంజినూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబానివి. పాత అంబాసిడర్ ఉన్నవాళ్లకు కూడా ఈ కొలతల పద్ధతి పనికొస్తుంది, వైర్ల రంగులు మాత్రం ఆ కారు సర్క్యూట్ చిత్రంతో సరిపోల్చుకోవాలి.

ఇంజిన్‌కూ బాడీకీ మధ్యనున్న అల్లిక పట్టీని కూడా వదలకూడదు. అది తెగితే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ గుండా తిరిగి వెళ్తుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ వెచ్చగా తగిలితే పట్టీని అనుమానించాలి. సెల్ఫ్ తిరుగుతుండగా ఇంజిన్ బ్లాకుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.5 వోల్టులు మించకూడదు. పట్టీ రెండు కొసల్నీ రంగు, తుప్పు లేకుండా రుద్ది బిగించి, పైన వాజలైన్ పూసిన తర్వాత నాకు 0.2 వచ్చింది.