కాపీలు అందేదాకా నాకు తెలిసింది సెక్షన్ నంబరే

పక్కింటివారితో ప్రహరీ గోడ దగ్గర జరిగిన గొడవ కేసుగా మారిందని పోలీసుల నోటీసు వచ్చాకే తెలిసింది. కేసులు నడిపే పద్ధతి చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత కింద, అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పిలిచే 35(3) నోటీసు అది. అందులో నేరాలు, శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత 118(1) అని ఉంది. ప్రమాదకరమైన ఆయుధంతో గాయపరచడమట, మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చట. ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకుంటే అందులో "చేతిలో ఉన్నదానితో కొట్టాడు" అని ఒక్క ముక్క. ఏది చేతిలో ఉంది? దెబ్బ ఎక్కడ తగిలింది? నెలల తరబడి ఈ ప్రశ్నలే నన్ను నిద్రపోనివ్వలేదు. ఏ మాట అన్నారో తెలియకుండా కాదని ఎలా చెప్పుకోను?

ఛార్జిషీటు వేశాక సమన్లు వచ్చాయి. మొదటి వాయిదా రోజు కోర్టు గుమస్తా కాగితాల కట్ట చేతికిచ్చి, కాపీలన్నీ అందినట్టు సంతకం చేయమన్నారు. పెన్ను తెరిచాను కూడా. "ఆగండి, ముందు లెక్క చూసుకోండి" అన్నారు మా లాయరు గారు.

వరండాలో బల్ల మీద కూర్చుని, ఛార్జిషీటుతో ఉన్న పత్రాల జాబితా పక్కన పెట్టుకుని ఒక్కో కాగితం సరిచూశాను. గాయాల సర్టిఫికెట్ లేదు. మూడో సాక్షి వాంగ్మూలం మొదటి పేజీ చివర "అప్పుడు అతను వెనక్కి" అన్న మాట దగ్గర తెగిపోయింది. తర్వాతి పేజీ లేదు. ఆ మూడు మాటలు ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

గుమస్తా విసుక్కున్నారు, తర్వాత ఇస్తామన్నారు. మా లాయరు గారు ఒప్పుకోలేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 230వ సెక్షన్ ప్రకారం పోలీసు రిపోర్టు, ఎఫ్‌ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు వంటివన్నీ నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి, హాజరైన తేదీ నుంచి 14 రోజులు దాటకూడదు. విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని కోరే డిశ్చార్జి పిటిషన్ వేసుకునే 60 రోజుల గడువు కూడా కాపీలు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. అందుకే అందనివాటికి అందినట్టు సంతకం పెట్టడం చిన్న విషయం కాదు. ఏ కాగితాలు అందలేదో రాసి కోర్టులో మెమో వేశాం. వచ్చే వాయిదాకు రెండూ ఇచ్చారు. "అప్పుడు అతను వెనక్కి" తర్వాత ఉన్న మాట "జారి పడ్డాడు". ఆ అతను నేను కాదు, ఫిర్యాదు చేసినాయన. సర్టిఫికెట్‌లో మోచేతి మీద గీరుకుపోయిన గాయం అని ఉంది.

డిశ్చార్జి పిటిషన్ వేశాం, కొట్టేశారు. సాక్ష్యం బరువు తూచేది విచారణలోనే అన్నారు.

అభియోగం ఖరారు చేసే రోజు మెజిస్ట్రేటు గారు తెలుగులో చదివి వినిపించారు. తేదీ, చోటు, ఎవరిని, దేనితో, అన్నీ అందులో ఉన్నాయి. అర్థమైందా అని అడిగారు. గొంతు తడారిపోయింది. అయినా చెప్పాను: "అర్థమైందండి, కానీ తేదీ 12 అన్నారు. ఎఫ్‌ఐఆర్‌లో 21 ఉంది." ఆయన ఫైలు తిరగేసి చూశారు, కలం తీసి దిద్దారు, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివారు.

నేరం ఒప్పుకుంటారా అని అడిగారు. ఈసారి ఏ మాటకు జవాబు చెబుతున్నానో నాకు తెలుసు.

"లేదండి, విచారణ జరపమని కోరుతున్నాను" అన్నాను.