తాతయ్య జావాకి ఇంజను మార్చలేదు

తాతయ్య జావా మోటారు సైకిలు పదకొండేళ్లు వడ్ల బస్తాల వెనకే ఉండిపోయింది. 1969 బండి. పాత మూడక్షరాల నంబరు ప్లేటు మీద పెయింటరు చేత్తో రాసిన అంకెలు ఇంకా చెరగలేదు. దాని కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. మొన్న సంక్రాంతికి బయటికి లాగి తొక్కితే కదల్లేదు. పిస్టను పట్టేసింది.

తెనాలిలో మెకానిక్కు చూసి, "బాబూ, నా దగ్గర ఇంకో జావా ఇంజను ఉంది, రెండ్రోజుల్లో ఎక్కించేస్తా. వెనక ఫ్రేము కోసి పొట్టి చేద్దామా, ఇప్పుడు కుర్రాళ్లందరూ అదే అడుగుతున్నారు" అన్నాడు. మంచివాడే. కానీ ఆ ఇంజను మీద ఉన్న నంబరు మా ఆర్‌సీలో లేదు. ఫ్రేము కోస్తే అసలు అది తాతయ్య బండే కాదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఈ విషయంలో గట్టిగానే ఉంది. ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఇదే తేల్చింది. ఆ ఏడే చట్టాన్ని సవరించారు: అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఒక ఏజెంటైతే "ఆ ఇంజను మీద మీ ఆర్‌సీ నంబరు కొట్టించేద్దాం సార్, ఎవరు చూస్తారు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. దొంగ బండ్లు అమ్ముడుపోయేది ఇలాగే కదా!

యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ కింద పెట్టమన్నారు ఇంకొందరు. 2021లో వచ్చిన ఆ నిబంధనలు చదివాను. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా కాపాడుకున్న బండ్లకే అది. పాత నంబరు ఉంచుకోవచ్చు. కానీ ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోడ్డెక్కకూడదు. నేను దాని మీద రోజూ పొలానికి వెళ్లాలనుకుంటున్నాను. తాతయ్య అలాగే వెళ్లేవాడు. అందుకే మామూలు ఆర్‌సీ రెన్యువలే, ఐదేళ్లకోసారి.

చివరికి పాత ఇంజనే విప్పించాను. నంబరు ఉండేది క్రాంక్‌కేసు మీద. సిలిండరుకి బోరు కొట్టించి, అంటే లోపల కాస్త వెడల్పు చేయించి, దానికి సరిపడే ఓవర్‌సైజు పిస్టను వేస్తే ఆ నంబరుకేమీ కాదు. మూడు వారాలు పట్టింది, మెకానిక్కు విసుక్కున్నాడు.

నిన్న ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దాం. తుప్పు గీకాక ఒక్కో అంకె తేలుతుంటే నాన్న ఆర్‌సీ పట్టుకుని పైకి చదివాడు. అన్నీ సరిపోయాయి. సోమవారం బ్రేకు ఇన్‌స్పెక్టరుకి చూపించాలి.