లుంగీ, శాలువా

తొమ్మిదిన్నరకి వాడి మెసేజ్ వచ్చింది. ముందు ఒక ఫొటో, కింద ఒక్క లైను. "అక్కా, లుంగీ చిరిగిపోయింది. దీన్ని నాన్న కింద వేయొచ్చా?"

చిరిగింది, మంచం పట్టిన వాళ్ళ నాన్నని పక్కకి తిప్పడానికి కింద పరిచే లుంగీ. ఫొటోలో ఉన్నది నిన్న ఊరి తీర్థంలో, అంటే జాతరలో, స్టేజీ మీద వాడికి కప్పిన శాలువా. మెరూన్ రంగు, రెండు పక్కలా జరీ అంచు. ఇంకా మడత కూడా నలగలేదు.

"వద్దు నాన్నా, జరీ ఒంటికి గీసుకుంటుంది. పాత నూలు చీర ఏదైనా ఉందేమో చూడు" అని పెట్టాను. "అమ్మవి ఉన్నాయి" అన్నాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. వాళ్ళమ్మ కువైట్ వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఆ చీరలు బీరువాలో ఎలా పెట్టి వెళ్ళిందో అలాగే ఉంచానని వాడే ఒకసారి చెప్పాడు. చెప్పిన మాట మర్చిపోయి ఆ చీరలే అడిగాను. పదకొండు దాటినా అది గుచ్చుతూనే ఉంది. అత్తయ్యకి మోకాలికి నూనె రాసి వచ్చి ఇలా కూర్చున్నాను. ఆయన, చిన్నది ఎప్పుడో నిద్రపోయారు.

వాడి పేరు, ఊరు రాయను. ఇంట్లో మంచం పట్టినవాళ్ళని చూసుకునే పిల్లలకి తోడుగా ఉండే బృందం మాది, అందులో మొదటి రోజే పెట్టుకున్న నియమం అది. పిల్లల ఇంటి సంగతి బయట చెప్పకూడదు, డబ్బు ఇవ్వకూడదు, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు. మేం ఆరుగురం. అందరం చిన్నప్పుడు ఇంట్లో మంచం పట్టినవాళ్ళని చూసుకుంటూ పెరిగినవాళ్ళమే. అదొక్కటే మా అర్హత. వాడికి పదహారు. వాళ్ళ నాన్న దింపు కార్మికుడు, చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. కొబ్బరిచెట్టు మీంచి పడి నడుం కింద చచ్చుబడిపోయింది. కోనసీమలో ఇలాంటి ఇల్లు లేని ఊరు నేనైతే చూడలేదు.

నిన్నటి సంగతి చెప్పకపోతే నాకు నిద్ర రాదు. స్టేజీ మీద మైకులో వాణ్ణి "మన ఊరి శ్రవణ కుమారుడు" అన్నారు. చప్పట్లు కొట్టారు. రాత్రి ఎనిమిదింటికి వాళ్ళ నాన్నని పక్కకి తిప్పాలి, లేకపోతే ఒంటికి పుళ్ళు పడతాయి. వాడు మాటిమాటికీ ఫోన్‌లో టైమ్ చూసుకుంటున్నాడు. ప్రసంగాలు తొమ్మిదింబావు దాకా సాగాయి. అంత ఉక్కలో, మెడ చుట్టూ శాలువాతో, తల వంచుకుని నిలబడ్డాడు. ఆ స్టేజీ మీద ఏడుగురు పెద్దలున్నారు. ఆ ఏడుగురిలో ఒక్కరు, నెలకి ఒక్కసారి, రెండు గంటలు ఆ మంచం పక్కన కూర్చుంటే ఈ పిల్లాడు హాయిగా నిద్రపోతాడు కదా! రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుగుకీ అలారం పెట్టుకుని లేస్తున్నాడు. పొద్దున కాలేజీలో బెంచీ మీద తల వాలిస్తే లెక్చరరు నిలబెడతాడు. ఆ నిలబడటానికి ఎవరూ చప్పట్లు కొట్టరు.

శ్రవణుడి కథలో కావడి మోసిన దాకానే చెప్పుకుంటాం. నీళ్ళు ముంచడానికి వెళ్ళి బాణం తగిలి చచ్చిపోయాడు ఆ పిల్లాడు. వాడు పోయాక ముసలివాళ్ళిద్దరూ బతకలేదు. మొత్తం ఇల్లు ఒక్కడి భుజాల మీద ఉంటే అంతే అవుతుంది. మైకు ముందు ఆ ముక్క ఎందుకు చెప్పరు?

ఒకాయన కిందకి దిగాక నాతో, "పదిహేను వేలు వస్తున్నాయి కదండి, ఇంకేం కావాలి?" అన్నాడు. వస్తున్నాయి, నిజమే. 2024 జూలై నుంచి మంచానికే పరిమితమైనవాళ్ళకి పింఛను నెలకి 15,000 చేశారు. ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి ఇస్తున్నారు. ఆ డబ్బు లేకపోతే ఆ ఇల్లు ఎప్పుడో కూలిపోయేది. కానీ అది మంచం మీద ఉన్నాయన పేరు మీద వచ్చేది, మందులకీ, డైపర్లకీ, యూరిన్ బ్యాగులకీ పోయేది. రాత్రి మూడుసార్లు లేచే మనిషి ఏ కాగితంలోనూ లేడు. కేరళలో ఆశ్వాసకిరణం అని ఒక పథకం ఉంది, మంచం పట్టినవాళ్ళని చూసుకునే మనిషికి నెలకి 600. చిన్న మొత్తమే. అయినా చూసుకునేవాళ్ళు ఒకరున్నారని రాసుకున్నారు కదా. ఇంగ్లండులో 2014లో చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో ఇలా చాకిరీ చేసే పిల్లలకి ఏం అవసరమో స్థానిక ప్రభుత్వమే వచ్చి కనుక్కోవాలి. అక్కడ ఆ పిల్లలకి ఒక పేరుంది. మనకి పేరు కూడా లేదు. "చూసుకుంటున్నాడు" అంటాం, అంతే.

ఇంతవరకూ రాసి మళ్ళీ చదువుకున్నాను. నా కోపం అంతా వాడి కోసమేనా?

నేను టెన్త్‌లో ఉండగా నాన్నకి పక్షవాతం వచ్చింది. అమ్మ రొయ్యల షెడ్డుకి వెళ్ళేది, నాన్న నా వంతు. ఆ ఏడాది మా అమ్మవారి తీర్థానికి ఒక్క గంట వెళ్ళొస్తానని అడిగాను. నాన్న తల ఊపాడు. జనం, రంగులరాట్నం, మా క్లాసు అమ్మాయిలు... గంట రెండున్నర అయింది. పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేసరికి పక్క మొత్తం తడిసిపోయి ఉంది. ఎంతసేపట్నించి అలా ఉన్నాడో తెలియదు. నేను బట్టలు మారుస్తుంటే ఎప్పటిలాగే మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కూతురు కదా. అంతా అయ్యాక వంకర పోయిన నోటితో, "జీళ్ళు తెచ్చేవా అమ్మా?" అని అడిగాడు. తెచ్చాను. చిన్న ముక్క చేసి పెట్టాను. బుగ్గలో అతుక్కుపోయింది, నమలలేకపోయాడు. వేలు పెట్టి తీశాను. ఆ బెల్లం వాసన, నువ్వుల పలుకులు నా గోరు సందుల్లో. ఇప్పటికీ తీర్థంలో జీళ్ళ కొట్టు ముందు నించి నడవలేను, నిన్న కూడా చుట్టూ తిరిగి వెళ్ళాను.

నాలుగేళ్ళు చేశాను. నన్నెవరూ ఏ స్టేజీ ఎక్కించలేదు. ఆడపిల్ల తండ్రికి చేస్తే అది వంట చేసినంత మామూలు సంగతి. నిన్న ఆ శాలువా కప్పుతుంటే నా గొంతులో అడ్డం పడింది కోపం ఒక్కటే కాదు. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాస్తున్నాను.

ఇంకొకటి. సాయంత్రం ఫోన్‌లో వాడు చెప్పిన మాటలు కోపంలో సరిగ్గా వినలేదు, ఇప్పుడు గుర్తొస్తున్నాయి. "అమ్మకి వీడియో కాల్‌లో చూపించానక్కా, ఏడ్చేసింది. నాన్నయితే పక్కింటి పిన్నిని పిలిచి మరీ చూపించాడు." పడిన దగ్గర్నించీ ఆ మనిషి ఇంట్లోకి ఇరుగుపొరుగు ఎవర్నీ రానివ్వలేదు. వాసన వస్తుందని, చూసి జాలి పడతారని. నిన్న తనే పిలిచాడు. ఏడుగురు పెద్దలూ తెలియకుండానే ఒక తలుపు తీయించారు. ఆ పని నేను మూడు నెలల్నించి చేయలేకపోయాను. కాబట్టి శాలువా మీద పైన రాసినదంతా కొట్టేయాలా? కొట్టేయను. తొమ్మిదింబావు దాకా నిలబెట్టడం తప్పే.

మంచి కబురు ఒకటి ఉంది. పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడు నాన్నని చేతులు పట్టి లాగి తిప్పుతున్నాడు. నడుం కింద ఎర్రటి మచ్చ, వేలితో నొక్కితే తెల్లబడలేదు. అది పుండుకి మొదలు. పాత లుంగీ నాలుగు మడతలు వేసి భుజాల దగ్గర్నించి తొడల దాకా కింద పరిచి, అంచు పిడికిట్లో చుట్టుకుని, ఒంటికి దగ్గరగా పట్టుకుని లాగాలని చూపించాను. నెమ్మదిగా, రాపిడి లేకుండా తిరుగుతాడు మనిషి. ఆసుపత్రి నించి నర్సు కూడా వచ్చి చూసి వెళ్ళింది. ఇవాళ ఆ మచ్చ లేదట. ఆ లుంగీయే చిరిగింది.

ఆదివారం సాయంత్రం నాలుగు నించి ఆరు దాకా పక్కింటి పిన్నిని కూర్చోమని అడగమన్నాను. అడుగుతానన్నాడు. వేసవికి కాలువలకి నీళ్ళు ఆపేశారు కదా, వాడి ఫ్రెండ్సంతా ఎండిన కాలువలో క్రికెట్ ఆడుతున్నారు. రేపు పొద్దున్నే రెండు పాత లుంగీలు తీసుకెళ్తాను. డబ్బు కాదు కాబట్టి నియమం తప్పినట్టు కాదు. చీరల సంగతికి మాత్రం క్షమించమని అడగాలి.

కరెంటు పోయింది. ఫోన్ వెలుగులో రాస్తున్నాను. ఇటు పోతే అటూ పోతుంది, మా రెండూళ్ళూ ఒకే లైను మీద ఉన్నాయి. అక్కడ వాళ్ళ నాన్నకి పుళ్ళు పడకుండా వేసిన ఎయిర్ బెడ్ మోటారు ఆగిపోయి ఉంటుంది. ఆ చప్పుడు ఆగితే చాలు మెలకువ వచ్చేస్తుందని చెప్పాడు వాడు. లేచే ఉంటాడు.