అమ్మ మోకాళ్ళ నొప్పులు, సింగపూర్ బస్సు, టోక్యో రైలు

తమ్ముడు టోక్యోలో ఉంటాడు, అమ్మని తీసుకురా అన్నా అని ఎప్పట్నుంచో పోరు పెడుతున్నాడు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే చాలు ముందే నీరసపడిపోతుంది. మొత్తానికి మధ్యలో సింగపూర్‌లో కూడా ఆగేలా టికెట్లు తీసుకుని బయల్దేరాం, రెండు ఊళ్ళలోనూ ట్యాక్సీలు మాట్లాడకుండా రైళ్ళలో, సిటీ బస్సుల్లోనే తిరిగాం. ఏ సిటీలో ట్రాన్స్‌పోర్ట్ బాగుంటుంది అని ర్యాంకులు బోలెడు కనిపిస్తుంటాయి గానీ, ఇంటి గుమ్మం నుంచి వెళ్ళాల్సిన చోటు దాకా అమ్మ ఇబ్బంది లేకుండా వెళ్ళగలిగిందా లేదా, నాకు ఈసారి అదే కొలత.

సింగపూర్‌లో చాంగి ఎయిర్‌పోర్ట్‌లోంచే ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, ఎక్కేయొచ్చు. ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైన్ మారితే నేరుగా లిటిల్ ఇండియా. అక్కడ స్టేషన్ పేరు ఇంగ్లిష్, చైనీస్‌తో పాటు తమిళంలో కూడా రాసి ఉంటుంది, అమ్మ పుట్టి పెరిగింది చిత్తూరులో కాబట్టి తమిళం చదవడం వచ్చు, బోర్డు చదివేసి "ఇక్కడ తప్పిపోయినా నాకేం భయం లేదురా" అంది. 1987లో ఈ రైళ్ళు మొదలైనప్పుడే అండర్‌గ్రౌండ్ ప్లాట్‌ఫాంలకి అద్దాల తలుపులు పెట్టేశారు, రైలొచ్చి ఆగితే తప్ప అవి తెరుచుకోవు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఛార్జీ లెక్క. బస్సు దిగి రైలెక్కి, మళ్ళీ ఇంకో బస్సెక్కినా, మారడానికి 45 నిమిషాల కంటే ఎక్కువ తీసుకోకపోతే మొత్తం ఒకే ప్రయాణం కింద దూరాన్ని బట్టి లెక్కేస్తారు, ఐదుసార్ల దాకా మారినా అదేంటని అడిగేవాళ్ళు లేరు. అందుకే రెండు స్టాపుల దూరానికి కూడా అమ్మని నడిపించకుండా బస్సెక్కించేవాణ్ణి. బస్సు రాగానే చెయ్యి ఊపాలి, ముందు డోర్‌లో ఎక్కేటప్పుడు కార్డు ఒకసారి ఆనించాలి, దిగేటప్పుడు ఇంకోసారి, అంతే.

సెరంగూన్ రోడ్డులో ఒకరోజు బస్సు ఆగింది, స్టాపులో వీల్‌చైర్‌లో ఒక పెద్దాయన. డ్రైవర్ లేచొచ్చి రెండో డోర్ దగ్గర కింద మడిచి ఉన్న రేకు చేత్తో ఎత్తి ఫుట్‌పాత్ మీదకి పరిచాడు, పెద్దాయన్ని లోపలికి తోసి వీల్‌చైర్ల కోసం ఉంచిన జాగాలో సరిగ్గా నిలబెట్టి, రేకు మళ్ళీ మడిచేసి వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. బస్సులో ఒక్కరు కూడా టైం చూసుకోలేదు. అమ్మ మాత్రం స్టాపు కనిపించనంత దూరం వెళ్ళేదాకా దాని గురించే మాట్లాడింది.

ఎందుకంటే హైదరాబాద్‌లో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి బస్సులో టికెట్ లేదు, చాలామందికి అది నిజంగా పెద్ద మేలు, మా ఇంట్లో పనికొచ్చే ఆవిడకి నెల నెలా మిగిలే డబ్బు నేను చూస్తున్నా. కానీ అమ్మ ఇప్పటిదాకా ఆ ఫ్రీ టికెట్ వాడుకోలేదు, ఆ మొదటి మెట్టు అంత ఎత్తు, పైగా బస్సు స్టాపు దగ్గర కాకుండా రోడ్డు మధ్యలో ఆగుతుంది, ఇంకేం ఎక్కుతుంది. మెట్రో అయితే లిఫ్టులున్నాయి, 69 కిలోమీటర్లు ఉంది, చక్కగా ఉంటుంది, దిగి కిందకొచ్చాక మళ్ళీ ఆటో బేరమే.

ఇక టోక్యో. హనేదా ఎయిర్‌పోర్ట్‌లో కేక్యూ అనే ప్రైవేట్ కంపెనీ రైలెక్కితే అదే రైలు సెంగకుజి స్టేషన్ దగ్గర్నుంచి అసకుసా సబ్‌వే లైన్ అయిపోతుంది, కంపెనీ మారుతుంది, సిబ్బంది మారతారు, మనం మాత్రం సీట్లోంచి లేవక్కర్లేదు. ఎవరికొచ్చిందో గానీ గొప్ప ఆలోచన. తమ్ముడు ఉండేది నిషి-కసాయ్, మనవాళ్ళు బాగా ఉండే ఏరియా, దానికి తోజాయ్ లైన్ మారాలి. ఆ మారడం దగ్గరే అమ్మ అలిసిపోయింది. లిఫ్ట్ ఉంది, కానీ అది ప్లాట్‌ఫాం ఆ చివర్న, పైకొచ్చాక పొడుగాటి దారి, ఒక గేటు దాటి ఇంకో గేటు, మళ్ళీ లిఫ్ట్. అక్కడ సబ్‌వే నడిపేవి రెండు సంస్థలు, టోక్యో మెట్రోవి తొమ్మిది లైన్లు (తోజాయ్ వాళ్ళదే), తోఎయ్‌వి నాలుగు (అసకుసా వాళ్ళది), ఛార్జీలు వేర్వేరు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారితే 70 యెన్లు తగ్గిస్తారు అంతే. సుయికా కార్డు అన్నిట్లోనూ పనిచేస్తుంది కాబట్టి గేటు దగ్గర ఇబ్బంది తెలీదు, డబ్బు మాత్రం ఎవరిది వాళ్ళు కోసుకుంటారు.

రైళ్ళు నడిపే తీరులో మాత్రం టోక్యోని నేను ముందు పెడతా. యమనోతే లైన్ 30 స్టేషన్లు, ఊరి చుట్టూ గంటలో తిప్పేస్తుంది, ఒకటి పోయిందని బాధపడేలోపు ఇంకోటి వచ్చేస్తుంది. గార్డు తెల్ల గ్లోవ్స్ వేసుకుని ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరికి వేలితో చూపిస్తూ పైకి చెప్పుకుని మరీ డోర్లు వేస్తాడు, చూశాను అనుకోవడం కాదు, నిజంగా చూడాలని ఆ పద్ధతి. చూపు లేనివాళ్ళ కోసం నేల మీద వేసే పసుపు టైల్స్ కూడా 1967లో జపాన్‌లోని ఒకయామాలోనే మొదలయ్యాయి. టోక్యోలో అవి స్టేషన్ బయట ఫుట్‌పాత్ మీద కూడా అలా సాగుతూనే ఉంటాయి, మన మెట్రో స్టేషన్లలో కూడా ఉన్నాయి గానీ మా దగ్గరి స్టేషన్ దాటి రోడ్డెక్కితే వాటి జాడే లేదు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది, ముందు సింగపూర్ చూపించండి, వాళ్ళకి ధైర్యం వస్తుంది. టోక్యోలో అయితే ఏ ఎగ్జిట్‌లో లిఫ్ట్ ఉందో ముందే మ్యాప్‌లో చూసుకోండి, పెద్ద స్టేషన్‌కైతే పదుల కొద్దీ ఎగ్జిట్లుంటాయి, లిఫ్ట్ మాత్రం వాటిల్లో కొన్నిటికే. తోజాయ్ లైన్‌లో పొద్దున ఆఫీసుల టైంలో పెద్దవాళ్ళని ఎక్కించకండి, కోవిడ్‌కి ముందు దాంట్లో రద్దీ 199 శాతం దాకా, అంటే పట్టాల్సిన జనానికి దాదాపు రెట్టింపు, లెక్కతేలింది. పదిన్నర దాటాక ఎక్కితే సీటు దొరుకుతుంది, అరకావా నది మీద నుంచి వెళ్ళేటప్పుడు కూర్చుని హాయిగా చూడొచ్చు.