రాత్రిపూట వసూలు ఫోన్లు

పోయిన చలికాలంలో తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యల పంట పోవడంతో, కావలి దగ్గర గుంటలు చేసే మా బావమరిది ఒక ఫైనాన్సు సంస్థకు రెండు నెలల కిస్తీలు కట్టలేకపోయాడు. అప్పటి నుంచి వసూలు ఏజెంట్లు రాత్రి 9 దాటాక ఫోన్లు చేయడమే గాక, హామీ సంతకం కూడా పెట్టని మా మామగారికి ఫోను చేసి పరువు మాట ఎత్తారు.

అప్పు కట్టవలసిందే, అందులో వాదన లేదు. అయితే 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత బకాయి కోసం ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, బంధుమిత్రులను వేధించకూడదు. ఏజెంటు ప్రవర్తనకు అప్పిచ్చిన సంస్థే బాధ్యత వహించాలి. సూక్ష్మ రుణాలకైతే (తక్కువ ఆదాయం గల కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే చిన్న అప్పులు) ఫోను చేయదగిన వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే.

ఇవేవీ తెలియక మావాడు నెల రోజులు ఫోను కట్టేసి గుంట గట్టునే గడిపాడు. (అలా దాక్కోవడం వల్లే ఫోన్లు మామగారి దాకా వెళ్ళాయని నా అనుమానం.) చివరకు ఫోన్లు వచ్చిన తేదీలు, వేళలు వరుసగా రాసి సంస్థ ఫిర్యాదుల అధికారికి పంపాము. 30 రోజుల్లో జవాబు రాకపోతే, తన పరిధిలోని సంస్థలపై రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) రుసుము లేకుండా ఫిర్యాదు స్వీకరిస్తారు. మాకు అంతదూరం పోవలసిన పని పడలేదు. 12వ రోజున శాఖ మేనేజరే పిలిచి, కిస్తీల గడువు పెంచడం గురించి మాట్లాడారు.